కట్టెల వెనక సందు

హైదరాబాద్ శివార్లలో, అల్మాస్‌గూడలో మేముండే ఇంట్లో గీజర్ ఉంది. అయినా చలికాలం వస్తే మా అత్తకు కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్ళే కావాలి. నల్గొండ పల్లె నుంచి వచ్చి ఇన్నేళ్ళయినా కరెంటు వేడితో మోకాళ్ళ నొప్పి తగ్గుతుందంటే ఆవిడ నమ్మదు. అందుకే వేసవిలో ఎదురు ప్లాటులో ఇల్లు కట్టడానికి తుమ్మచెట్టు కొట్టేస్తుంటే, మేస్త్రీని అడిగి మొద్దులన్నీ మా వాకిట్లో వేయించుకుంది.

ఆ ఎండల్లో ఆదివారాలన్నీ వాటికే పోయాయి. ఆవిడ గొడ్డలితో చీల్చేది, నేను పేళ్ళు ఏరేదాన్ని. మా పుట్టిల్లు కోస్తా, నాకు గ్యాసు పొయ్యి తప్ప తెలీదు. "బెరడు తియ్యకుంటే పురుగు పడ్తది బిడ్డా" అని పక్కన కూర్చోబెట్టుకుని ఒలిపించింది. ఎండిన కట్టెలను మా ఇంటికీ పక్కింటి గోడకూ మధ్యనున్న సందులో పేర్చాం. గాలి ఆడాలని పక్కింటి గోడ వైపు జానెడు ఎడం వదిలాం. వానలు మొదలవగానే ఆ ఎడం మూయకుండా కట్టెల పైన టార్పాలిన్ కప్పాం.

వానాకాలమంతా ఆ సందులోంచి ఒకటే కంపు. మోరీ పొంగిందనుకున్నాం. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ క్లాసులు చెప్పి, ఎల్బీ నగర్‌లో మెట్రో దిగి, ఆటోలో ఇల్లు చేరేసరికి గేటు దగ్గరే ముక్కు మూసుకునేదాన్ని.

దీపావళి వెళ్ళాక ఒక ఆదివారం పొద్దున టార్పాలిన్ తీశాం. పై వరసలు బాగున్నాయి. రెండు కట్టెలు తాటించి, బాగా ఎండిన ఆ చప్పుడు విని అత్త మురిసిపోయింది. తరవాత కింది వరసలోకి చెయ్యి పెట్టి లాగింది. ఉబ్బిపోయిన డైపర్ ఊడి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. ముడేసిన కవర్లు, కోడి పేగులు, బూజు పట్టిన అన్నం. కట్టెలన్నీ జిగటగా నల్లబడి ఉన్నాయి. ఒక కవరు నా కాలి మీదే చిట్లింది, వేళ్ళ సందున తెల్లపురుగులు మెసిలాయి. కుళాయి దగ్గరికి పరుగెత్తి వాంతి చేసుకున్నాను.

ముఖం కడుక్కుని వచ్చేలోపే పైనుంచి మరో కవరు ధబ్బున పడింది. తలెత్తితే మేడ కిటికీలో పక్కింటి పెద్దాయన. రిటైర్డ్ ఆఫీసరు. మా పొయ్యి పొగతో గాలి పాడవుతోందని నిరుడు కాలనీ వాట్సాప్ గ్రూపులో బారెడు బారెడు రాసింది ఈయనే.

"గిదేంది సారూ?" అని అరిచింది అత్త.

"చెత్త బండి సరిగ్గా రావట్లేదమ్మా. అయినా కట్టెల్లో పడితే మీకేం నష్టం? ఎలాగూ కాల్చేవేగా."

"గా మంట మీద కాగిన నీళ్ళే నేను ఒంటికి పోసుకోవాలె. నీ ఇంటి పెంట మీద కాగబెట్టుకోవాల్నా? కిందికి దిగు. ఎత్తుకపో."

ఆయన దిగలేదు. కోడలిని పంపాడు. ఆ అమ్మాయి చున్నీతో ముక్కు కట్టుకుని, "సారీ అక్కా, మామయ్యగారికి ఎన్నోసార్లు చెప్పాను" అని నాకొక్కదానికే వినబడేలా గొణిగి వంగింది. పైనుంచి ఆయన వేలు చూపిస్తున్నాడు. "ఆ మూలన ఇంకోటుంది, చూడమ్మా."

పురుగులను చూసినప్పటి కంటే ఆ మాటకే నాకు ఎక్కువ రోత పుట్టింది.

"నువ్వు జరుగు బిడ్డా" అని అత్త ఆ అమ్మాయిని పక్కకు తప్పించింది. పార తెచ్చి, ఆ చెత్తనంతా తట్టకెత్తి, తీసుకెళ్ళి వాళ్ళ గేటు ముందు, కారు బయటికొచ్చే దారిలో కుమ్మరించింది. రెండో తట్ట నేను మోశాను. ఊపిరి బిగబట్టుకుని దాని పక్కనే కుమ్మరించాను.

ఆయన ఏదో ఫంక్షన్‌కు వెళ్ళాలట. ఇస్త్రీ చొక్కాతో కిందికొచ్చి కాసేపు కేకలు వేశాడు. చుట్టుపక్కల వాళ్ళు గేట్ల దగ్గర నిలబడి చూశారు గానీ ఒక్కరూ వంత పాడలేదు. చివరికి లోపలికి పోయి లుంగీ కట్టుకొచ్చి, మొహం తిప్పుకుంటూ తానే సంచులకెత్తాడు. చూసి సంతోషపడతాననుకున్నాను. లేదు, ఆ కంపు నుంచి ఎప్పుడు పోదామా అనిపించింది.

కింది సగం కట్టెలు పారేశాం. మిగిలినవి మా మేడ మీదికి చేర్చాం. ఆ పూట అన్నం సహించలేదు. మర్నాడు మెట్రోలో మాటిమాటికీ చేతులు వాసన చూసుకుంటుంటే పక్కనావిడ కొంచెం జరిగి కూర్చుంది.

అత్త మాత్రం చలి ముదరగానే నీళ్ళ కాగు పొయ్యెక్కించింది. "పోసుకుంటవా జర? హాయిగుంటది" అని పిలుస్తుంది. నేను వెళ్ళను. పక్కింటాయన ఏమీ జరగనట్టే "బాగున్నారామ్మా?" అని పొద్దున్నే గేటు దగ్గర పలకరిస్తాడు. నేను చెప్పులేసుకుని ఆటో కోసం నడుస్తాను.