అద్దె ఇంటి కోసం పెట్టుకున్న బొట్టు

సహోదరులారా, సహోదరీలారా, ఈ సాక్ష్యం చెప్పాలంటే నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది, అయినా దాచుకుంటే నా ప్రభువుకు మహిమ ఎక్కడిది!

దివిసీమ ఉప్పెన తరువాతి ఏడాది మా ఆయనకు నందిగామ బడికి బదిలీ అయింది. చర్చి పక్కన పేటలో మనవాళ్ళు ఒక గది చూపించారు. బురద సందు, దూరంగా బావి. మేష్టారి భార్యను, నేనిక్కడుంటానా అని ముక్కు చిట్లించాను! మంచి వీధుల్లో తిరిగితే ఎక్కడికెళ్ళినా ఒకటే మాట, "మీరేమిటోళ్ళమ్మా?" నిజం చెప్పగానే ఇల్లు ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామనేవారు. మూడు వీధులు అయ్యాక నాకు రోషం వచ్చి, నాలుగో వీధికి బొట్టు పెట్టుకుని వెళ్ళాను. అడగ్గానే "మీ వాళ్ళమేనండి" అనేశాను. బడి రికార్డులో మా ఆయనది హిందువుల పేరే గనుక ఎవరికీ అనుమానం రాలేదు, ఇల్లు ఇచ్చేశారు. బైబిలు ట్రంకుపెట్టె అడుగుకు పోయింది.

నేను నీళ్ళోసుకున్నానని తెలిసి, ఆ వేసవిలో మా అత్తయ్య, మా ఆయన్ని కన్నతల్లి, ఆయన ఇంట్లో లేని పూట చిల్లకల్లు నుంచి బస్సెక్కి వచ్చింది. నాకు ప్రార్థన నేర్పింది ఆమే. తెల్లచీర, బోసి నుదురు, చంకన బైబిలు సంచి, చేతిలో నాకోసం గోంగూర పచ్చడి జాడీ. అరుగు మీదున్న ఇంటావిడ "ఎవరమ్మా ఈవిడ?" అంది. నా నోరు పడిపోను, "మా ఊళ్ళో పొలం పనికొచ్చే మనిషండి పిన్నిగారూ" అన్నాను. "పాపం ఎండనపడొచ్చింది, మంచినీళ్ళు పొయ్యి" అంది ఆవిడ. అయ్యో, నేనేం చేశానో తెలుసా! చెంబు తెచ్చి, గుమ్మం మీద నిలబడి, పైనుంచి పోశాను. మా అత్తయ్య మెట్టు కింద వంగి, దోసిలి పట్టి తాగింది. తాగి, నా ముఖంలోకి చూడకుండా, "చాలు అమ్మగారూ" అంది! నా అబద్ధాన్ని ఆమె కాపాడింది. జాడీ మెట్టు మీద పెట్టి బస్టాండుకు వెళ్ళిపోయింది.

ఆ తరువాత నాలుగు నెలలు మోకాళ్ళూనితే చాలు, ఆ మాటే చెవుల్లో మోగేది, ప్రార్థన వచ్చేది కాదు. చివరికి మా ఆయనకు చెప్పేశాను, ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. గదిలో సాగిలపడి "తండ్రీ, ఆ మెట్టు కింద దోసిలి పట్టింది నువ్వే, నిన్నే నేను బయట నిలబెట్టాను, నన్ను క్షమించు" అని గట్టిగా ఏడ్చాను. భయం వదిలిపోయింది, దేవునికి స్తోత్రం! లేచి బొట్టు కడుక్కుని ఇంటావిడకు నిజం చెప్పాను. ఆవిడ ఇల్లు ఖాళీ చేయించి గదంతా పసుపునీళ్ళు చల్లించింది. నాకు కోపం రాలేదు, నేను చేసినదానికంటే ఆవిడ చేసింది ఎక్కువా?

ఆ బురద సందులోనే గది తీసుకుని, చిల్లకల్లు వెళ్ళి అత్తయ్య కాళ్ళ మీద పడ్డాను. "లేమ్మా, కడుపుతో ఉన్నదానివి" అని లేవనెత్తి, అప్పుడే నా కోసం ప్రార్థన చేసింది. ఇల్లు వెతుక్కునే బిడ్డలారా, మీరెవరో చెప్పి అడగండి, ఇవ్వకపోతే పోనివ్వండి, ప్రభువును నమ్ముకున్నవాళ్ళకు చోటు ఆయనే చూపిస్తాడు. దేవునికే మహిమ!

ఆరాధన అయ్యాక అందరూ మా ఇంటికి భోజనానికి రండి. నేను మాత్రం ముందుగా వెళ్ళాలి. ఇవాళ అత్తయ్య కూడా వస్తోంది, క్షమించి ఇన్నేళ్ళయినా మా గుమ్మం దగ్గర ఆగిపోతుంది, నేను చెయ్యి పట్టుకుంటేనే లోపలికి వస్తుంది.