లాంచీకి ఏ నూనె పొయ్యాలి

ప్రోతరాపూర్ యర్రయ్య పడవ వదిలి ఆడగుర్రాన్ని కొన్నప్పుడు చుట్టాలంతా నవ్వారు. మూడు తరాలుగా చేపలు పట్టిన ఇంటికి గుర్రమేమిటని వాళ్ల బెంగ. పడవకి చుక్కాని, గుర్రానికి కళ్లెం, అంతకుమించి తేడా లేదని యర్రయ్య తేల్చేశాడు. నడకలో కాస్త ఊగుతుంది కాబట్టి దానికి లాంచీ అని పేరు పెట్టాడు. పెళ్లికొడుకు గుర్రమెక్కి ఊరేగడం ఈ ద్వీపాల్లో హిందీవాళ్ల ఆచారం. మెల్లగా అది తెలుగు పెళ్లిళ్లకీ పాకింది. లాంచీనెక్కాక ఇక దిగనని మొండికేసిన పెళ్లికొడుకులు ఏడుగురున్నారని యర్రయ్య చెబుతాడు. ఒకడి విషయంలో నిజం కావచ్చు.

అలాంటి లాంచీ మొన్న మాఘమాసంలో, షాదీపూర్‌లో, బ్యాండుమేళం మధ్య లంగరేసినట్టు ఆగిపోయింది. ఒళ్లంతా చెమట. వెనక తొడలు చెక్కల్లా బిగుసుకున్నాయి. పెళ్లికొడుకు ఎవరిదో స్కూటరెక్కి వెళ్లి తాళి కట్టాడు.

పశువుల డాక్టరు స్వాతి రక్తం పరీక్ష చేయించి విషయం చెప్పింది. ఇలాంటి జబ్బున్న గుర్రానికి గింజలూ తీపీ పెడితే కండల్లో చక్కెర పేరుకుపోతుందట. నడిచినప్పుడు కండలు బిగుసుకుంటాయట. శనగలు, బెల్లం మానేసి గడ్డి పెట్టాలి. బలానికి నూనె పొయ్యాలి, కొంచెంతో మొదలుపెట్టి వారం వారం పెంచాలి. రోజూ నడిపించాలి.

"ఇంకోసారి ఇలా అయిందంటే దీని మీద మనిషిని ఎక్కనివ్వను, తాతా" అంది.

వైశాఖంలో యర్రయ్య భార్య గవరమ్మ మేనల్లుడు మణికుమార్ పెళ్లి. దానికి లాంచీ వస్తుందని ఊరంతా చాటేశాడు.

తవుడునూనె గాని, కొబ్బరినూనె గాని, తాజాగా ఉండి అది ఇష్టంగా తినేది ఏదైనా ఫర్వాలేదని డాక్టరమ్మ చెప్పింది. తవుడునూనె ఓడ మీద రావాలి. ఆ ఓడ ఎప్పుడొస్తుందో ఓడకే తెలియదు. కొబ్బరినూనె ఇంట్లోనే ఉంది కానీ అది గవరమ్మ తన తలకని ఆడించుకున్నది. దాన్ని ముట్టుకోవడం కంటే మొసలి నోట్లో చెయ్యిపెట్టడం సులువు. అందుకని యర్రయ్య తనకు తెలిసిన విద్యే నమ్ముకున్నాడు. పడవ చెక్కకి ఆయుష్షు పోసే చేపనూనె గుర్రపు కండకి పొయ్యదా అని జంగ్లీఘాట్ చేపలరేవు నుంచి ఒక డబ్బా తెచ్చాడు.

లాంచీ వాసన చూసి మొహం తిప్పేసుకుంది. ప్రోతరాపూర్ పిల్లులు మాత్రం తిప్పుకోలేదు. మూడో రోజుకి ఎక్కడో దూరాన ఉన్న మాయాబందర్ నుంచి కూడా పిల్లులు బస్సెక్కి వచ్చాయని యర్రయ్య ప్రమాణం చేస్తాడు. గుర్రం చేత ఎలాగైనా తినిపించాలని అతను నూనెలో గుప్పెడు బెల్లం కలిపాడు. లాంచీ బకెట్టు నాకేసింది. నాలుగో రోజు మళ్లీ బిగుసుకుపోయింది.

డాక్టరమ్మ వచ్చి బకెట్టులో వేలు ముంచి చూసింది.

"బెల్లం వేశారా, తాతా?"

"బెల్లమని కాదు దీదీ. నీసు తెలీకుండా కాస్త తీపి."

"ఆ కాస్తకే ఇది నిలబడలేకపోతోంది. ఈసారికి వదిలేస్తున్నా, ఇదే ఆఖరిసారి."

గవరమ్మ లోపలికెళ్లి తన సీసా తెచ్చి గడ్డి మీద ఒంపింది. లాంచీ తల ఎత్తకుండా తిన్నది.

"నా జుట్టు ఎలాగూ నెరిసిపోనాది. దీనికే పోస్తాను. నీకు మాత్రం సుక్క ఇవ్వను, ముసిలోడా" అంది.

మూడు నెలల పాటు రోజూ కొబ్బరినూనె, రోజూ నడక. లాంచీ ఒళ్లు ఎంత నిగనిగలాడిందంటే, దీపస్తంభమనుకుని ఒక ఓడ దారి మళ్లిందట. ఏ ఓడని అడిగితే యర్రయ్యకి దగ్గొస్తుంది.

పెళ్లి సాయంత్రం అంతా సిద్ధంగా ఉండగా, మణికుమార్ అక్క రాజకుమారి పళ్లెం పట్టుకొచ్చింది. అందులో నానబెట్టిన శనగలూ, బెల్లమూ ఉన్నాయి. పెళ్లికొడుకు ఎక్కేముందు అక్కచెల్లెళ్లు గుర్రానికి తినిపించాలి. గుర్రంతో పాటు ఆ ఆచారమూ వచ్చిందని యర్రయ్య మరిచేపోయాడు. వెనకాల పిన్నులు, అత్తలు, తలా ఓ గుప్పెడుతో వరసకట్టారు. కాదంటే అపశకునం. అవునంటే లాంచీ పని సరి.

"ఆగమ్మా" అన్నాడు. "ఇది సముద్రం దాటొచ్చిన గుర్రం. దీనికి కొబ్బరే పెట్టాల. మా తాత కాలం నుంచీ ఇదే రివాజ్."

"నీ తాతకి గుర్రమెక్కడిది, భయ్యా?" అంది వరసలో ఒకావిడ.

జవాబు గవరమ్మ నుంచి వచ్చింది.

"ఎక్కడిదేటి? దాని మీదే గదా నన్ను సూడ్డానికొచ్చారు మా తాతమావ. నాకు తెల్దా?"

ఆ తాతమావ ఆమె పుట్టకముందే పోయాడు. అప్పుడే దిష్టికి కొట్టిన కొబ్బరికాయ ముక్కల్ని రాజకుమారి లాంచీకి అందించింది. తతిమ్మావాళ్లూ కళ్లకద్దుకుని తలా ముక్కా పెట్టారు. మణికుమార్ ఎక్కాడు. యర్రయ్య పందిరి దాకా ఒక చెయ్యి కళ్లెం మీద, ఒక చెయ్యి గుర్రం తొడ మీద ఉంచి నడిచాడు. తొడ మెత్తగానే ఉంది.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ వచ్చి కండలు నొక్కి చూసింది. పెళ్లిలో ఏం పెట్టారని అడిగింది. కొబ్బరి, మా ఆచారం, అన్నాడు యర్రయ్య.

"ఎప్పటి ఆచారం తాతా?"

"చాలా పాతది దీదీ. నిన్న సాయంత్రం ఆరింటి నుంచి."

ఆమె నవ్వు ఆపుకుని, ఇకమీదట కూడా మనుషుల్ని ఎక్కించవచ్చని కాగితం మీద రాసి సంతకం పెట్టింది.