చిన్నదాని టీకా

మా పెద్దదానికి ఆస్తమా మొదలైనప్పుడు దానికి రెండేళ్లు. అది దేనివల్ల వచ్చిందో పట్టుకుని తీరాలని నాకు పంతం పట్టింది. బెళ్ళందూరులో నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏదైనా చెడిపోతే, చెడిపోయే ముందు ఏం మార్చారని అడగడమే నా పని. పెద్దదాని ఫైలు ముందేసుకుని అదే ప్రశ్న అడిగాను. ఏడాదిన్నరకి కోరింత దగ్గు టీకా బూస్టరు. కొన్ని నెలలకే మొదటి ఆయాసం. దొంగ దొరికాడనుకున్నాను. ఆ ఏడాదే ఇల్లు మారాం, పక్కన అపార్ట్‌మెంటు కడుతూ సిమెంటు దుమ్ము లేపారు, పైగా మా ఆయన చిన్నప్పుడంతా పిల్లికూతలతోనే పెరిగాడట. అన్నీ తెలుసు. తెలిసినవాటిని పక్కన పెట్టడంలో నన్ను మించినవాళ్లు లేరు.

చిన్నది పుట్టాక ఆరో వారంలో అదే టీకా మొదటి డోసుకి దాన్నెత్తుకుని క్లినిక్ దాకా వెళ్లి, లోపలికి అడుగుపెట్టకుండా వెనక్కి తిరిగాను. ఆర్నెల్లు ఆగుదాం, ఊపిరితిత్తులు కాస్త గట్టిపడనీ అనుకున్నాను. మా ఆయనకి చెబితే ఒప్పుకోడు. మందుల షాపులో చిన్న ప్లాస్టర్ కొని, ఆటోలోనే దాని తొడకి అంటించాను. రెండుసార్లు వంకరగా పడితే పీకి మళ్లీ అంటించాను.

సాయంత్రం ఆయన ఆ ప్లాస్టర్ పక్కన మెల్లగా నిమిరి, "జొరం కూడా రాలేదు సూడు. గట్టి పిండమే ఇది" అని మురిసిపోయాడు.

పదో వారం మళ్లీ ప్లాస్టర్. ఈసారి ఒక్కసారికే సరిగ్గా అంటించాను. తలుచుకుంటే ఇప్పుడు భయమేసేది దానికే.

ఆ రోజుల్లోనే నాకు దగ్గు పట్టుకుని మూడు వారాలైనా వదల్లేదు. మా ఇంట్లో ఏ దగ్గుకైనా ఒకటే పేరు, అలర్జీ. బాల్కనీ తలుపులు మూసేసి, చిన్నదాన్ని గుండెలకి హత్తుకుని, దగ్గుతూనే పాలిచ్చాను.

తర్వాత అది దగ్గడం మొదలుపెట్టింది. పెద్దదానికిలాగే దీనికీ వచ్చేసిందని కుమిలిపోయాను. టీకా వేయించకపోయినా వచ్చిందే అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఒక మధ్యాహ్నం పాలు తాగి దగ్గింది, ఆపకుండా దగ్గింది, ఆ తర్వాత చప్పుడే లేదు. పెదాలు నీలంగా మారాయి. భుజాన వేసుకుని వీపు తట్టాను, పేరు పెట్టి అరిచాను. ఎప్పటికో ఊపిరి అందుకుంది. పక్క గదిలోంచి ఆయన పరిగెత్తుకొచ్చి కారు తాళాలు తీశాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ, "ఇంట్లో ఎవరికైనా దగ్గుందా?" అని అడిగింది. నాకుందన్నాను. "కోరింత దగ్గేమో అనిపిస్తోంది. టీకాలు వేయించారా?"

నేను నోరు విప్పేలోపే మా ఆయన ఫోన్ తీశాడు. "అన్నీ టైముకే ఏయించినాం డాక్టర్. డేట్లు కూడా నా దగ్గర ఉండాయి" అన్నాడు, గర్వంగా.

"అయితే ముందు వేరేవి చూద్దాం" అంటూ ఆమె రాసుకుంటోంది. అప్పటికీ నిజం చెప్పే ధైర్యం రాక, "డాక్టర్, ఆ టీకా వేస్తే ఆస్తమా వస్తుందంటారు కదా?" అన్నాను.

"చాలామంది వెతికారమ్మా. టీకా వల్ల ఆస్తమా పెరుగుతుందని తేలలేదు. ఇప్పుడెందుకా మాట?"

"వేయించలేదు" అన్నాను. "ఒక్కటీ వేయించలేదు."

ఆమె కాగితం మీద గీత కొట్టి మళ్లీ మొదటినుంచి రాసింది. నాకూ మందులు రాసింది. ఆయన తిట్టలేదు. నా ఒళ్లోంచి చిన్నదాన్ని తీసుకుని, "నువ్వు దూరంగా కూకో" అన్నాడు. ఆ మాటకన్నా చెంపదెబ్బ నయమనిపించింది.

చాలా రోజులు ఆసుపత్రిలో ఉండి చిన్నది బతికి బయటపడింది. కోలుకున్నాక టీకాలన్నింటికీ ఆయన ఒక్కడే తీసుకెళ్లాడు. నన్ను రమ్మనలేదు, నేనూ వస్తాననలేదు.