సోమశిల నీళ్లలో చెత్త అనుకున్న పదకొండు సీసాలు

2008 డిసెంబరు 7, ఆదివారం. తెల్లవారి అయిదున్నరకల్లా అయిన పనులు: వాకిలి ఊడ్చి ముగ్గు వేయడం, రెండు డ్రమ్ముల నీళ్లు పట్టడం, పాలు కాచడం, పద్దెనిమిది జొన్నరొట్టెలు, వంకాయ కూర, పల్లీల పొడి, రెండు దుప్పట్లు ఉతికి ఆరేయడం. మిగిలిపోయినవి: అంట్లు. ప్రయాణం సరదా ముగ్గురిదీ, పని మాత్రం నా ఒక్కదానిదే. అందుకే ఇంట్లోంచి బయలుదేరేటప్పుడే నాకు కోపంగా ఉంది.

మా మరిది శ్రీను గోవాలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక హోటల్లో పనిచేస్తాడు. ఎవరో విదేశీ అతిథి వదిలి వెళ్లిన గాలిపలకను ఈసారి సెలవులకు వెంట తెచ్చాడు. చుట్టి సంచిలో పెడితే ఒక పరుపంత ఉంటుంది. పంపుతో గాలి కొడితే పదడుగుల పలక అవుతుంది. మనిషి దాని మీద నిలబడి పొడుగాటి తెడ్డు వేసుకుంటూ పోవచ్చు. అలా నిలబడే గాలం వేసి చేపలు పట్టాలని అతని ముచ్చట. మూడు రోజులు అది మా ముందుగదిలో పడి ఉంటే, నేను దాని చుట్టూ తిరిగి ఊడ్చాను. నాలుగో రోజు అన్నదమ్ములిద్దరూ కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిల పోదామని నిర్ణయించేసుకున్నారు. ఎన్ని రొట్టెలు కావాలో కూడా నేనే అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది.

వనపర్తి బస్టాండులో ఆరున్నరకు పానగల్ మీదుగా కొల్లాపూర్ పోయే బస్సు ఎక్కాం. మనిషికి ఇరవై నాలుగు రూపాయలు. పలక సంచికి విడిగా ఒక టికెట్టు కొట్టాలని కండక్టరు, అది మనిషి కాదు కదా అని శ్రీను, పానగల్ దాకా వాదించుకున్నారు. చివరకు సగం టికెట్టుకు ఒప్పందం అయింది. ఎనిమిదింటికి కొల్లాపూర్ చేరాం. అక్కడి నుంచి సోమశిలకు ఆటోలో మనిషికి పది రూపాయలు. ఆటో నడిపే ఖాజా మా సంచిని తట్టి చూసి, "లగ్గం ఏ ఊర్ల అమ్మా? పరుపు మంచిగ మందమే పెడుతుండ్రు," అన్నాడు. అది పరుపు కాదు, పడవలాంటిదని శ్రీను చెబితే ఖాజా కాసేపు ఆలోచించి, "గట్లనా. తడిస్తె ఆరదు, జర పైలం," అని బండి స్టార్టు చేశాడు. ఆ రోజంతటిలో నేను నవ్వింది అప్పుడే.

స్నానాల రేవు దగ్గర ఆదివారం జనం ఎక్కువ. అక్కడ పలక దింపితే పిల్లలు మూగుతారని ఒడ్డు వెంట కుడివైపు పావుగంట నడిచాం. నీళ్లలో మునిగిన చెట్ల మోళ్లు అక్కడక్కడా బయటికి కనిపిస్తున్నాయి. చోటు చక్కగా ఉంది, ఒడ్డు మాత్రం చూడలేం. తిని పారేసిన విస్తర్లు, ప్లాస్టిక్ గ్లాసులు, గుట్కా కాగితాలు, మందు సీసాలు. అన్నదమ్ములు పలకకు గాలి కొడుతున్నంతసేపూ, అంటే ఇరవై అయిదు నిమిషాలు, నేను గోనెసంచి తీసుకుని ఆ చెత్త ఏరాను. వచ్చినవాళ్లు తిని, తాగి, అక్కడే పడేసి పోతారు. ఇంట్లోనూ అంతే, ఏటి ఒడ్డునా అంతే అని తిట్టుకుంటూ సగం సంచి నింపాను.

పలక గురించి అడిగేవాళ్లు ఉంటారు కాబట్టి చెబుతున్నాను. మొదట మోకాళ్ల మీద కూర్చుని ఒడ్డు వదలాలి, నడుము లోతు దాటాక లేవాలి. శ్రీను రెండుసార్లు పడ్డాడు, మూడోసారి నిలబడ్డాడు. లారీ ట్యూబు నడుముకు కట్టుకోనిదే పోనివ్వనని నేను పట్టుబట్టాను. నిలబడితే నీళ్లలోకి చూపు బాగా పోతుంది, మోళ్ల మధ్య చేపలు తిరగడం కూడా కనిపిస్తుందట. జొన్నపిండి ముద్ద ఎరగా పెట్టి పది లోపల రెండు జెల్ల చేపలు పట్టాడు. మావారు ఒడ్డున కూర్చుని అరచేతితో కొలిచి, అరకిలో ఉంటాయన్నారు. నా లెక్కలో పావుకిలో.

పది దాటాక గాలి లేచింది. పలక తేలిక కదా, ఎటు వీస్తే అటు కొట్టుకుపోతోంది. అప్పుడే నాకు లోపల, ఒడ్డుకు ముప్పై గజాల దూరంలో, వరసగా తేలుతున్న ఖాళీ నీళ్ల సీసాలు కనిపించాయి. ఒక్కో సీసా మెడకు ఊదారంగు గుడ్డ పీలిక. చీర కూడా చింపి పారేశారనుకున్నాను. ఎలాగూ అటే పోతున్నావు, వాటిని ఏరి పట్టుకు రమ్మని శ్రీనుకు కేకేశాను. వాటికి కింద తాడు ఉంది, రావడం లేదని అతను అన్నాడు. మోళ్లకు చిక్కుకుని ఉంటుంది, కోసి తెమ్మన్నాను. ఎర కోసే చాకుతో కోశాడు. ఒకటి తరవాత ఒకటి, పదకొండు సీసాలు. వాటిని సంచిలో వేసి మూతి కట్టి, ఒక మంచి పని చేశానని రొట్టెల మూట విప్పాను.

పన్నెండు కావస్తుండగా ఒక పుట్టి, గుండ్రటి వెదురు తెప్ప, మా వైపు వచ్చింది. అందులో భార్యాభర్తలు. ఆమె పేరు మణెమ్మ, అతని పేరు బాలయ్య అని తరవాత తెలిసింది. అతను తెడ్డు వేస్తుంటే ఆమె లేచి నిలబడి నీళ్లలోకి వెతుకుతోంది. పుట్టి రెండుసార్లు అక్కడక్కడే తిరిగింది. ఆమె ముఖంలో రంగు మారడం ఒడ్డు నుంచే కనిపించింది. దిగి మా దగ్గరికి వచ్చి, "అన్నా, గీడ నా సీసలుండె. ఊద గుడ్డలు గట్టినయి. జూసిండ్రా?" అని అడిగింది.

"తెల్వదమ్మా. మేం ఇప్పుడే అచ్చినం," అన్నాడు శ్రీను.

సంచి నా కాళ్ల దగ్గరే ఉంది. అప్పటికి నాకు విషయం తెలిసిపోయింది. అవి తేలడానికి కట్టిన సీసాలు, కింద వల ఉంది. ఆదివారం వచ్చే జనానికి తాజా చేప అమ్మడానికి ఉదయం వేసి, మధ్యాహ్నం ఎత్తే వల. సీసాలు కోస్తే వల మునిగింది. ఊదారంగు పీలిక ఆమె ఇంటి గుర్తు. ఒక్కో ఇంటివాళ్లకు ఒక్కో రంగు ఉంటుందని తరవాత తెలిసింది. మావారు నా పక్కన వంగి, ఎవరికీ వినపడకుండా, "ఊకో. ఇప్పుడు జెప్తె ఊరోళ్ళంత వస్తరు. గాలి దీసి పోదాం," అన్నారు.

మావారితో పందొమ్మిదేళ్లుగా కాపురం చేస్తున్నాను. ఎరువుల కొట్టులో తూకానికి గింజ తేడా రానివ్వని మనిషి. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. నాకు ఒళ్లు మండింది. శ్రీను సీసాలు కోసినందుకు కాదు, కొయ్యమన్నది నేనే కదా. ఎదురుగా నిలబడి అడుగుతున్న మనిషిని చూసి ఇద్దరికిద్దరూ చూపు తిప్పుకున్నందుకు. సంచి మూతి విప్పి, ఆమె ముందు బోర్లించాను. విస్తర్లతో పాటు సీసాలు దొర్లాయి. చెత్త అనుకుని నేనే కోయించానని చెప్పాను.

మణెమ్మ గొంతు పెంచలేదు. "చెత్తనా? నేను మీ ఇంటికచ్చి, మీ తలుపు గొళ్ళెం వీకి, ఇనుప ముక్క, చెత్తల వడ్డది అంటె ఊకుంటవా అమ్మా? ఒక్క మాట అడిగేటందుకు నోరు రాలేదా? నాకున్నదే గా వల. పోయినేడు అప్పు జేసి తెచ్చుకున్న."

శ్రీను జేబులోంచి అయిదువందల నోటు తీశాడు. ఆమె దాన్ని చూసి, "దాన్ని నీళ్ళల్ల వెయ్యి, చేపలు వడ్తయేమో చూద్దాం," అంది. ఆమెకు వల కావాలి. మునిగిన వల మోళ్లకు చుట్టుకుని ఒకటి రెండు రోజులుంటే చేపలు చచ్చి కుళ్లుతాయి, తరవాత వల మొత్తం పనికిరాదు. అంటే పొద్దుగూకే లోపల దొరకాలి.

అప్పుడు ఆమె చేసిన పని నేను మరిచిపోను. వల వేసేటప్పుడు ఒడ్డున రెండు గుర్తులు చూసుకుంటారట. ఎండిన మద్దిచెట్టు చీలిక వెనక గుట్ట మీది తెల్లబండ కనపడితే వల ఒక కొస. రేవు మెట్ల మూల వెనక మోడుబారిన తుమ్మ కనపడితే రెండో కొస. ఊళ్లోంచి రెండు పాతాళగరిగెలు తెప్పించింది, బావిలో పడ్డ బిందెను తీసే ఇనుప కొక్కేల గుత్తులు. బాలయ్య పుట్టిలో ఒకటి, శ్రీను పలక మీద ఒకటి. మణెమ్మ ఒడ్డున నిలబడి చేత్తో సైగ చేస్తూ ఇద్దరినీ గీతలోకి తెచ్చేది. గాలికి పలక పక్కకు పోయినప్పుడల్లా, "గోవా పిలగాడా, గట్ల కాదు, మోకాలి మీద కూసో. నిలవడి సోకు జేసేటందుకు కాదు నువ్వు వోయింది," అని కేక. శ్రీను మళ్లీ నిలబడలేదు. మావారిని నడుము లోతు నీళ్లలో నిలబెట్టి, పలక కొట్టుకుపోకుండా దానికి కట్టిన తాడు పట్టుకోమంది. పట్టుకున్నారు. వాళ్లు వెతికిన చోట్లన్నీ నేను ఇసుకలో గీతలుగా గీసి లెక్క పెట్టుకున్నాను, వెతికిందే వెతకకుండా.

పద్నాలుగో గీత దగ్గర, మూడూ ఇరవైకి, శ్రీను చేతిలోని తాడు బిగిసింది. బాలయ్య పుట్టి పక్కకు తెచ్చాడు. ఇద్దరూ మెల్లగా లాగితే వల పైకి వచ్చింది. దాంతో పాటు నాలుగు చేపలు, రెండు చచ్చినవి. మోడుకు చుట్టుకున్న చోట మూడు బారల పొడుగున చిరిగింది. మణెమ్మ వలను ఒడిలో వేసుకుని చిరుగంతా వేళ్లతో తడిమి చూసుకుంది. ఎంత అవుతుందని అడిగాను. దారం ఎంత కావాలో చెప్పింది, అల్లడానికి ఇద్దరు మనుషులు ఒక రోజు కూర్చోవాలంది. వచ్చే ఆదివారం దారంతో పాటు ఇద్దరు మనుషుల్ని తెస్తానన్నాను. "వచ్చేటోళ్ళు గట్లనే అంటరు," అంది.

సాయంత్రం ఆరున్నర బస్సులో వనపర్తికి తిరిగి వచ్చాం. పరాయివాళ్ల ముందు తమ పరువు తీశానని మావారికి నా మీద కోపం. నాకు ఆయన మీద. ఇద్దరి మీదా కోపపడే హక్కు శ్రీనుకు లేదు కాబట్టి అతను నిద్ర నటించాడు. బుధవారం అతను గోవా వెళ్లిపోయాడు. పలక మా ఇంట్లోనే వదిలేశాడు.

డిసెంబరు 14న మావారిని లేపింది నేనే. రానంటే ఒక్కదాన్నే పోతానన్నాను. ఆయన చొక్కా తొడుక్కున్నారు. కొల్లాపూర్ బజారులో దారం కొని, తొమ్మిదింటికల్లా మణెమ్మ ఇంటి ముందు చాపలో కూర్చున్నాం. వెదురు సూదికి దారం ఎక్కించడం, వేలి మందం కొలతతో వల కన్ను వేయడం ఆమె ఒకసారి చూపించింది. రెండోసారి చూపించనంది. నేను వేసిన కన్నులు మొదట ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. విప్పించింది. మళ్లీ వేశాను, మళ్లీ విప్పించింది. మావారు వేసినవి మొదటిసారే నిలిచాయి. అది చూసి ఆమె, "అన్నకు చేతులు మంచిగున్నయి, నోరే సరిగ్గ లేదు," అంది. ఆయన తల వంచుకుని అల్లుతూనే ఉన్నారు. కాసేపటికి, "ఆ దినం నేనన్నది తప్పే," అన్నారు, వల చూసుకుంటూ. ఆమెకు చెప్పారో నాకు చెప్పారో తెలియదు. ఇద్దరం విన్నాం.

ఇంత రాశాక కూడా నా కోపం పూర్తిగా పోలేదు. ఒడ్డంతా పాడుచేసిన జనం మీద కోపం న్యాయమైనదే. కానీ ఆ న్యాయం చేతిలో ఉందనుకుని నేను ఎదుటి మనిషి బతుకుతెరువును సంచిలో మూటకట్టాను. శుభ్రం చేసేవాళ్లకు అడగాలనే ఆలోచన రాదు. మా ఇంట్లో కూడా ఎవరి వస్తువో అడగకుండా ఎన్ని పారేశానో ఇప్పుడు గుర్తొస్తోంది. గాలిపలక మీదో, పుట్టిలోనో, ట్యూబు మీదో చేపలకు పోదామనుకునేవాళ్లకు ఒక్క మాట: నీళ్లలో దిగే ముందు ఒడ్డున ఎవరినైనా అడిగి వలలు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలుసుకోండి. గుడ్డ కట్టి తేలే సీసా ఏదైనా సరే ఒక మనిషిది. దానికి పది గజాల దూరంలో ఉండండి.

మూడింటికి అల్లిక అయిపోయింది. మణెమ్మ లోపలి నుంచి పదకొండు సీసాలు తెచ్చి నా ముందు పోసింది. "నువ్వే ఇడిపిచ్చినవ్, నువ్వే గట్టు," అంది. కట్టాను. ఒక్కొక్కటీ లాగి చూసింది. ఏడోది జారితే మళ్లీ కట్టించింది. తరవాత బాలయ్యను పిలిచి, వల పుట్టిలో వేసుకుని, మమ్మల్ని పొమ్మనీ ఉండమనీ అనకుండా నీళ్ల వైపు నడిచింది. మేం ఒడ్డున నిలబడి చూశాం. పదకొండు సీసాలూ వరసగా తేలాయి.

14-12-2008. మణెమ్మ వల బాకీ: తీరింది.