అవతలి ఒడ్డున అద్దె తక్కువ

జీతం ఎక్కువ, ఖర్చు తక్కువ అని బల్ల గుద్ది చెప్పి, కట్టుకున్నవాణ్ణీ కన్నబిడ్డనీ ఏడాదిపాటు సముద్రానికి ఇవతలే వదిలేసిన తెలివైన ఆడదాన్ని మీరు చూసి ఉండరు. చూడాలనిపిస్తే కొవ్వూరు రండి, కాఫీ ఇచ్చి మరీ చెబుతాను. రాలేనివాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను. నవ్వొస్తే మొహమాటపడకుండా నవ్వండి. నేనూ మొదట్లో నవ్వుతూనే చెప్పేదాన్ని.

అప్పట్లో నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. కాపురం మాత్రం కొవ్వూరులో. ఎందుకంటారా? గోదారికి ఇవతల అద్దె తక్కువ. పొద్దున్నే బస్సెక్కితే వంతెన మీద కునుకు తీసి లేచేసరికి స్కూలు. మా ఊళ్ళో చాలామంది బతుకు ఇంతే. జీతం అవతల, అద్దె ఇవతల. నది దాటడం అంటే మాకు వీధి దాటడంతో సమానం.

మా ఆయన దానియేలు గారు మోటార్లకి వైండింగ్ చేస్తారు. మాట తక్కువ, పని ఎక్కువ. మా పాప బ్లెస్సీకి అప్పుడు మూడేళ్ళు. దానికి పని తక్కువ, మాట ఎక్కువ. చిన్నా పెద్దా లేకుండా అందర్నీ 'నువ్వు' అనేది. ప్రార్థనకి వచ్చిన పాస్టరు గారిని గుమ్మంలోనే ఆపి 'నువ్వెందుకొచ్చావ్?' అని అడిగిన ఘనురాలు. ఆ రోజు మా అత్తయ్య గారు సిగ్గుతో వంటింట్లోంచి బయటికి రాలేదు.

అలాంటి రోజుల్లో థాయిలాండ్‌లో ఒక చిన్న పట్నపు స్కూలు నుంచి నాకు ఉద్యోగం వచ్చింది. జీతాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకుంటే కళ్ళు తిరిగాయి. పైగా బియ్యం, చేపలు, కొబ్బరి, అరటిపళ్ళు అన్నీ మన ధరలే. అంటే ఖర్చు కొవ్వూరుది, జీతం విదేశానిది అని తేల్చేశాను. ఆ స్కూలు ప్రిన్సిపాల్ గారు వీడియో కాల్లో చాలా ఓపిగ్గా చెప్పారు. కుటుంబం ఉన్న టీచర్లకి స్కూలు పక్కనే ఫ్లాటు ఇస్తారట. వద్దంటే దాని బదులు నెలనెలా డబ్బు ఇస్తారట. కానీ కుటుంబాన్ని తెచ్చుకోడానికి కావలసిన కాగితం మాత్రం ఫ్లాటులో ఉన్నవాళ్ళకే రాసిస్తారట.

నేనసలే లెక్కల మనిషినని నా నమ్మకం. రెండు నెలలు డబ్బు తీసుకుంటే తండ్రికీ కూతురికీ విమానం టికెట్లు వచ్చేస్తాయి, వాళ్ళొచ్చే ముందు ఫ్లాటులోకి మారిపోతే సరి. అలా కుదురుతుందా అని అడిగితే, ఖాళీ ఉంటే తప్పకుండా ఇస్తాం అన్నారావిడ. ఆ 'ఖాళీ ఉంటే' అన్న ముక్కని నేను మర్యాద కోసం అన్న మాటగా తీసుకున్నాను.

మా ఆయన మాత్రం చేతిలో రాగి తీగ పక్కన పెట్టి, "ముందే ఫ్లాటు తీసుకుంటే పోదా? టికెట్ల సంగతి నేను చూస్తాను" అన్నారు.

"మీకు లెక్కలు రావండి. మీరు మోటార్లు చూసుకోండి" అన్నాను. ఆయన మళ్ళీ తీగ అందుకున్నారు.

ఇక ఇల్లు వెతకడం. ఫోన్లో మ్యాపు తెరిచాను. స్కూలు నది ఒడ్డునే ఉంది. అవతలి ఒడ్డున ఒక పల్లె, అక్కడ అద్దె సగానికి సగం. మధ్యలో నదికి అడ్డంగా సన్నటి గీత. కొవ్వూరులో పుట్టి పెరిగినదానికి నదికి అడ్డంగా గీత అంటే ఏమిటి? వంతెన. అది కూడా అడగాలా ఎవర్నైనా? రెండు నెలల అద్దె ముందే పంపేశాను. బయల్దేరేటప్పుడు మా అత్తయ్య గారికి ఒక పని కూడా అప్పజెప్పాను. పరాయి దేశంలో పరువు పోకూడదు కదా, బ్లెస్సీ అక్కడికి వచ్చేలోపు దానికి మర్యాద నేర్పించండి, అందర్నీ 'అండి' అనేలా చెయ్యండి అన్నాను. ఆవిడ సంతోషంగా ఒప్పుకున్నారు.

వెళ్ళి రేవులో నిలబడితే నది ఉంది, పల్లె ఉంది, వంతెన లేదు. ఆ గీత పంటు పడవ తిరిగే దారి. మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ కోళ్ళనీ కలిపి ఎక్కించుకుని, నిండితే గాని కదలని పంటు. చీకటి పడకముందే అది పడుకుంటుంది. స్కూల్లో అదనపు జీతమిచ్చే క్లాసులేమో సాయంత్రాలు. పంటు కోసం వాటిని వదులుకున్నాను. అవతలి ఒడ్డున అద్దె తక్కువే, అబద్ధమాడకూడదు. కాని ఉప్పూ పప్పూ కూడా పంటెక్కే రావాలి కాబట్టి టమాటాకి కూడా పడవ ఛార్జీ నేనే కట్టేదాన్ని. ఆలస్యమైతే చిన్న మోటారు పడవే గతి. పడవవాడి ముందు నిలబడి అచ్చ తెలుగులో "కాస్త తగ్గించండి" అని బతిమాలేదాన్ని. వాడు ఎంతో మర్యాదగా నవ్వి ఇంకాస్త ఎక్కువ అడిగేవాడు.

తర్వాత వానలు పట్టుకుని పంటు ఆగిపోయింది. ఇస్త్రీ బట్టలతో, టిఫిను డబ్బాతో ఇవతలి గట్టున నిలబడితే అవతల స్కూలు గంట స్పష్టంగా వినిపించేది. వెళ్ళని ప్రతిరోజుకీ జీతం కోత. రెండు నెలలు గడిచేసరికి నా దగ్గర మిగిలింది జలుబు. సరే, కనీసం ఫ్లాటైనా అడుగుదామని వెళ్తే, ఆ వారమే ఒక ఫిలిప్పీన్స్ మాస్టారు భార్యాపిల్లల్తో అందులో దిగారు. ఇంకో ఫ్లాటు లేదు. ఒప్పందం ఏడాదికి. మధ్యలో మానేస్తే నన్ను తెచ్చిన ఖర్చంతా వెనక్కి కట్టాలి.

మా ఆయనకి ఫోను చేసి చెప్పాను. ఆయన, "మ్యాపులో గీత ఉందన్నావు కదా?" అన్నారు.

"అది వంతెన కాదండి."

ఆయన తిట్టలేదు, నవ్వలేదు. బట్టలన్నీ సర్ది పెట్టిన పెట్టె మళ్ళీ మంచం కిందకి తోసిన చప్పుడు మాత్రం వినిపించింది. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

రోజూ ఆ ఫ్లాటు కిందనుంచే రేవుకి వెళ్ళేదాన్ని. పైన తీగ మీద చిన్నపిల్ల గౌన్లు ఆరేసి ఉండేవి. నాకు ఏడుపొచ్చేది. పంటులో నా పక్కన కూర్చున్న ముసలావిడ ఏమీ అడక్కుండా ఒక అరటిపండు చేతిలో పెట్టేది. ధర మనదే, చెప్పాను కదా.

బ్లెస్సీ మొదట్లో ఫోన్‌కి ముద్దులు పెట్టేది. తర్వాత ఫోన్ చూస్తే ఆటకి వెళ్ళిపోయేది. ఇప్పుడు ఎవర్నీ నువ్వు అనడం లేదమ్మా అని అత్తయ్య గారు గర్వంగా చెబితే, పోనీలే, నా పథకంలో ఒక్కటైనా నెరవేరిందని సంతోషించాను.

ఏడాది తర్వాత రాజమండ్రిలో దిగి కారెక్కాను. వంతెన మీదకి రాగానే ఏడుపు ఆగలేదు. డ్రైవరు కంగారుపడి ఏమైందండీ అని అడిగితే, వంతెన చాలా బాగుందండి అన్నాను.

ఇంటి గుమ్మంలో బ్లెస్సీ నిలబడి ఉంది. పొడుగైంది. రెండు జడలు. నేను చేతులు చాపాను. అది ఒక అడుగు వెనక్కి వేసి, నేర్పినట్టే ముద్దుగా చెప్పింది.

"లోపలికి రండి. కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా అండి?"

అత్తయ్య గారు గాభరాగా, ఆవిడ మీ అమ్మేనే అన్నారు. నాకు తెలుసు అన్నట్టు అది తలూపింది. నీళ్ళ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకొచ్చి ఇచ్చి, నేను తాగేదాకా ఆగి అడిగింది.

"మళ్ళీ ఎప్పుడు వెళ్తారండి?"

ఆ రోజుల్నుంచి చాలా దారికొచ్చాం. ఇప్పుడు నన్ను 'నువ్వు' అంటుంది, అన్నం పెట్టలేదని అరుస్తుంది. కోపమొచ్చినప్పుడు మాత్రం 'మీరు' అంటుంది.

కాబట్టి గోదావరి సాక్షిగా, మా అత్తయ్య గారి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దేశంవాళ్ళు ఎంత జీతమిస్తామన్నా, ముందు ఇల్లు ఎక్కడో, అందులో ఎవరెవరు పడుకుంటారో అడిగాకే ధరల జోలికి వెళ్తాను. లెక్కలు మా ఆయనకి వదిలేస్తాను. నదికి అడ్డంగా గీత కనిపిస్తే, నా కాళ్ళతో నేను నడిచి దాటేదాకా దాన్ని వంతెన అనను.