భూకంపం మిషనుకు సుమిత్రమ్మ ఇస్తానన్న గది

ఇందూరని కూడా పిలుచుకునే నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు పక్కనే సుమిత్రమ్మ ఇల్లు. ముందరి గదిలో రెండు కరెంటు మగ్గాలు పొద్దంతా దడదడలాడుతూనే ఉండేవి. ఆ చప్పుడులో ఉప్పు తెమ్మన్నా, బువ్వకు రమ్మన్నా అరిచి చెప్పాల్సిందే. నెమ్మదిగా చెప్పుకునే మాటలు మొగుడు మార్కండేయతో చెప్పుకున్నదే లేదు. కాపురం చేసి ఇన్నేళ్లయినా ఆమెకు మిగిలిన కోరిక అదొక్కటే. మగ్గాలు వేరేచోట పెట్టుకొమ్మంటే మాత్రం ఆయనకు కోపం నషాళానికి అంటేది.

లాతూరు భూకంపం వచ్చిన మరుసటి ఏడు హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. భూమి కదిలితే ఎంత కదిలిందో గీత గీసి చూపించే మిషను పట్టణంలో పెట్టాలట. పెద్ద మేడలు పనికిరావట, వాటి ఊపు కూడా గీతలో కలిసిపోతుందట. అంతస్తులు లేని ఇల్లు కావాలట, నేల గట్టిగా ఉండాలట, దగ్గర్లో నీళ్ల ట్యాంకు ఉండకూడదట. పిల్లనిచ్చేవాళ్లు కూడా ఇన్ని షరతులు పెట్టరు.

మిషను ఎక్కడుంటే భూకంపం అక్కడికే వస్తుందని వీధంతా తలుపులు వేసుకుంది. సుమిత్రమ్మ ఒక్కతే ఎదురెళ్లింది.

"సారూ, మా ముందరర్రల పెట్టుండ్రి. నేల గట్టిగుంటది."

"మగ్గాలున్నాయి కదమ్మా. అవి ఆడితే మాకు రోజూ భూకంపమే."

"గవి తీపిస్త సారూ" అని, మొగుడికి వినపడేలా గట్టిగా అరిచింది. "సర్కారు మిషనట! మనింట్ల పెడ్తరట!"

మార్కండేయ ఎగిరిపడబోయాడు. కానీ సర్కారు అన్న మాట నెత్తికెక్కింది. సాయంత్రానికల్లా చాయ్ హోటల్లో, "ఇందూరు మొత్తం తిరిగి నా ఇల్లే పసంద్ జేసిండ్రు" అని చెప్పుకున్నాడు. అంత చెప్పుకున్నాక వెనక్కి తగ్గడం కష్టం. మగ్గాలు ఊరి బయట తమ్ముడు రాజనర్సు షెడ్డుకు పోయాయి.

మగ్గాలు పోయిన మర్నాడే, చెరుకు కోతల వేళ, ఇంజనీరు చిన్న మిషనుతో మళ్లీ పరీక్షకు వచ్చాడు. బోధన్ ఫ్యాక్టరీకి పోయే చెరుకు లారీ వచ్చినప్పుడల్లా కాగితం మీద గీత గంతులేసింది. ఇక్కడ కుదరదని చెప్పి, ఊరి చివర బడిలో గది ఖాయం చేసుకుని వెళ్లిపోయాడు. మార్కండేయ మొహం మాడిపోయింది. సుమిత్రమ్మకు లోలోపల పండగే. షెడ్డు నేలకు బిగించిన మగ్గాలు ఇక తిరిగి రావు.

ఆ సాయంత్రం బీడీలు చుట్టే చాట ఒళ్లో పెట్టుకుని, గొంతు తగ్గించి పిలిచింది.

"ఏమయ్యా, జరంత నా పక్కకు వచ్చి కూసోవా?"

ఆయన తల తిప్పలేదు. మిషను పోయిందని అలిగాడేమో అనుకుంది. మళ్లీ పిలిచింది. చివరికి లేచి వెళ్లి భుజం తడితే ఉలిక్కిపడి చూశాడు.

"ఏందే? ఎప్పుడొచ్చినవ్? పిలువకపోతివి?"

సుమిత్రమ్మ తమ మాటలకు అడ్డం మగ్గాల చప్పుడే అనుకుంది ఇన్నేళ్లూ. ఆ చప్పుడు ఆయన చెవుల్ని ఎప్పుడో తినేసింది, ఆ అరుపుల కొంపలో ఇద్దరికీ తెలియలేదు. ఏడుపు ఆగలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఆయన చెవికి నోరు ఆనించి అరిచింది.

"నీతోని మస్తు మాట్లాడేదుంది!"

గోడ అవతల నుంచి పక్కింటి భీమవ్వ పలికింది.

"చెప్పు సుమిత్రా, మేం గూడ ఇంటున్నం!"