ఊడాల్సిన కొక్కెం

1983లో జహీరాబాద్‌లో, బొంబాయి రోడ్డు మీద నాకు చిన్న లేత్ షాపు ఉండేది. చేసేదంతా ట్రాక్టర్ ట్రాలీల పనే. మా దగ్గర చేసిన కొక్కెం ఊడిందని ఎవడూ అనలేదు. ఆ మాట చెప్పుకోవడంలో నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

ఒకరోజు మా పక్క ఊరు మొగుడంపల్లికి అల్లుడైన ఒకాయన డ్రాయింగు తెచ్చాడు. సముద్రం లోతులు పరిశోధించే ఆఫీసులో ఇంజనీరు.

“ఈ మిషన్ను ఓడ మీదికెళ్లి సముద్రంల ఇడుస్తం మామా. తాడు లేదు, నడిపేటోడు లేడు. దానంతటదే అడుగుకు పోతది, రాళ్లు పట్టుకుంటది, దానంతటదే పైకొస్తది.”

“ఎట్లొస్తది? ఈతొచ్చా దానికి?”

ఆయన నవ్వాడు. “నేల తాకంగనే నువ్వు చేసే కొక్కేలు తెరుచుకుంటయి. బరువు దిమ్మెలు పడిపోతయి. తేలే గోళాలు దాన్ని పైకి గుంజుతయి.”

రోబో అన్న మాట అప్పటికి నేను వినలేదు. మూడు కొక్కేలు చేశాను. మా షాపులో ఏ కొక్కేనికైనా స్ప్లిట్ పిన్ను పడాల్సిందే. అంటే తెరుచుకోకుండా అడ్డంగా దూర్చి, చివరలు మడిచే ఇనుప పుల్ల. అలవాటు కొద్దీ చెయ్యి వీటికీ పెట్టేసింది. పైగా అందంగా ఉండాలని చివరలు ఆకురాయితో నున్నగా రాసి, రంగు వేశాను. అత్తగారింటి భోజనం తొందరలో ఆయన సరిగ్గా చూడకుండానే పట్టుకుపోయాడు.

పది రోజులకు ఝరాసంగం రైతు ఒకాయన ట్రాలీ తెచ్చి, “జర పిన్ను గట్టిగ పెట్టు ఉస్తాద్, ఊడితే కొంప మునుగుతది” అన్నాడు. అల్లుడి కొక్కేలు అప్పుడు గుర్తొచ్చాయి. ఊడకపోతే మునిగే కొంప ఒకటి నా చేతులతోనే కట్టి పంపాను. ఆ మిషన్ పైకి రాకపోతే అల్లుడి నాలుగేళ్ల కష్టం సముద్రం పాలే.

పోస్టాఫీసుకు ఉరికి, డ్రాయింగు మీదున్న నంబరుకు ట్రంకాల్ బుక్ చేశాను. గంటన్నరకు లైను కలిసింది. ఓడ ఆ సాయంత్రమే బయలుదేరుతుందట.

“అల్లుడా, కొక్కేలకు పిన్నులు పెట్టిన. రంగు కింద ఉన్నయి. అవి ఉంటే తెరుచుకోవు.”

ఆయన మెల్లగా, “అవి కొక్కెంల భాగమే అనుకున్నం. ఇప్పుడే కోయిస్త. ఫికర్ చెయ్యకు మామా” అన్నాడు. తిడితే బాగుండేదనిపించింది.

నెల రోజులు తిండి సయించలేదు. ఒక మధ్యాహ్నం ఆయనే వచ్చి, ఆలుగడ్డంత నల్లరాయి నా చేతిలో పెట్టాడు.

“వచ్చింది మామా.”

ప్రాణం లేచొచ్చింది. లేత్ పక్కనే కూలబడి, సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఇరవై ఏళ్లు ఊడకుండా చేయడమే పనితనం అనుకున్నాను. వేళకు వదలడమూ పనితనమేనని ఆ మిషన్ నేర్పింది. అప్పటి నుంచి డ్రాయింగు ఎవరు తెచ్చినా, కొలతల కంటే ముందు ఒక్కటే అడుగుతాను: “ఇది పట్టాల్నా, ఇడవాల్నా?”